నా భయం అబద్ధం కాదన్నారావిడ

సూర్యాపేటలో గుండె డాక్టరుగారి గది బయట బల్లమీద కూర్చున్నాను. చేతిలో ఈసీజీ కాగితం. నెలరోజుల్లో అది రెండోది. మొదటిదీ బాగానే ఉంది, ఇదీ బాగానే ఉంది. “గుండెకేం లేదమ్మా, గ్యాసు” అని పరగడుపున వేసుకునే మాత్ర రాసిచ్చారు. మంచిదే. కానీ రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేచి, జాకెట్టంతా చెమటతో తడిసి, ఊపిరాడక తలుపు తీసుకుని వాకిట్లోకి పరుగెత్తడం గ్యాసువల్లేనా? ఆ మాట డాక్టరుగారిని అడగలేదు. నా వెనక ఇంకా ముప్పైమంది కాచుకుని ఉన్నారు.

నేను కోదాడ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మావారు ఆర్టీసీలో కండక్టరు. ఒక్కడే కొడుకు. నేను పుట్టింది సూర్యాపేట పక్క పల్లెలో, మాదిగవాడలో. మా నాన్న మిర్యాలగూడ రైసుమిల్లుల్లో హమాలీ చేశాడు. సాగర్ ఎడమకాలువ నీళ్ళతో వరి పెరిగి, ఆ ఊరు మిల్లులకు పేరుపడింది. ఆ మిల్లుల్లో బస్తాలు మోసిన వీపుల్లో మా నాన్నదొకటి. నన్ను సాంఘిక సంక్షేమ గురుకులంలో వేశాడు, చెల్లెల్ని ఇంటర్ దాకా చదివించాడు. చెల్లెలు ఇప్పటికీ మిర్యాలగూడలోనే ఉంటుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా జబ్బుకూ ఈ మూడు ఊళ్ళకూ సంబంధం ఉంది కనుక.

2023 ఎండాకాలం సెలవులు. మావాడు హైదరాబాదులో ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. ఇంటికొచ్చిన మూడోరోజు వంటింట్లోకి వచ్చి, “అమ్మా, ఒకమాట చెప్తా, తిట్టొద్దు” అన్నాడు. తనతో చదివే అమ్మాయి. “వాళ్ళు మనోళ్ళు కాదమ్మా” అన్నాడు. ఎవరో కూడా చెప్పాడు. నేనేమీ అనలేదు. పప్పు గిన్నె దించి పొయ్యి ఆపాను. ఆ రాత్రే మొదటిసారి నాకు ఊపిరాడలేదు.

మా ప్రాంతంలో ఉన్నవాళ్ళకి ఇంతకంటే విడమరచి చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, గర్భిణిగా ఉన్న భార్య అమృతను ఆస్పత్రిలో చూపించుకుని బయటకు వస్తున్న ప్రణయ్‌ని పట్టపగలు నరికి చంపారు. ఆ కుర్రాడు దళితుడు. చంపించింది అమ్మాయి తండ్రి. ఆ రోజు మధ్యాహ్నం మా చెల్లెలు ఫోన్ చేసి, “అక్కా, మనోళ్ళ పిల్లగాణ్ణి సంపిండ్రే” అని ఏడ్చింది. అప్పుడు మావాడు హైస్కూల్లో ఉన్నాడు. టీవీల్లో ఆ దృశ్యాన్ని తిప్పితిప్పి ఎన్నిసార్లు వేశారో! చూడకూడదనుకుంటూనే చూశాను. అయిదేళ్ళ తరవాత నా కొడుకు వంటింట్లో నిలబడి ఆ మాట చెప్పగానే నా కళ్ళకు కనిపించింది ఆ వీధే.

మా అమ్మ మాత్రం జబ్బు పేరు వెంటనే చెప్పేసింది. “రంధి పెట్టుకున్నవ్ బిడ్డా, లోపల మనాది పట్టింది” అంది. ఎందుకైనా మంచిదని గాలి సోకిందేమో అని కూడా అనుమానించి, ఎల్లమ్మకు మొక్కింది, నిమ్మకాయ దిగదుడిచింది. నవ్వుకోకండి. నన్ను చూసి, నాకేదో బాధ ఉందని ఒప్పుకున్న మొదటి వైద్యురాలు మా అమ్మే.

“ఈ కాలంలో కులమెక్కడుందమ్మా?”

స్కూల్లో ఒక టీచరమ్మ సలహామీద ఒక కౌన్సెలరుగారి దగ్గరికి వెళ్ళాను. ఏ ఊరు, ఏ ఆస్పత్రి అనేది ఎందుకులెండి. గది బాగుంది, ఫ్యాను చల్లగా తిరుగుతోంది. ఒక కాగితం ఇచ్చి గుర్తులు పెట్టమన్నారు. ఆ తెలుగు నాకు ఒక పట్టాన అర్థం కాలేదు, ఇంగ్లీషు వాక్యానికి తెలుగు చొక్కా తొడిగినట్టుంది. సరే, నింపాను. మావాడి సంగతి చెప్పాను. మేము ఎస్సీలమని, నా భయం ఇదీ అని చెప్పాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, “ఈ కాలంలో కులమెక్కడుందమ్మా? చదువు చెప్పే టీచరుగారు మీరే ఇలా ఆలోచిస్తే ఎలా? మీ భయానికి రుజువేమిటో రాసుకురండి. రుజువు లేని ఆలోచనల్ని కొట్టేద్దాం” అన్నారు.

లెక్కల టీచర్ని కదా, రుజువు అనగానే కాస్త ఉత్సాహం వచ్చింది. నోటుబుక్కులో పేజీన్నర రాశాను. ప్రణయ్ పేరు రాశాను. మా వాడకట్టులో నా చిన్నప్పుడు జరిగిన గొడవ రాశాను. మా స్టాఫ్ రూములో నా టిఫిన్ డబ్బా ఎప్పుడూ బల్ల చివరే ఎందుకుంటుందో రాశాను. వారం తరవాత తీసుకెళ్ళి ఇస్తే పైపైన చూశారు. “ఇవన్నీ పేపర్లో వార్తలు, పాత సంగతులు. మీ అబ్బాయికేం జరగలేదు కదా? నెగెటివ్‌గా ఆలోచించడం మానేసి యోగా మొదలుపెట్టండి” అన్నారు. లేచి వస్తుంటే ఇంకొక ప్రశ్న అడిగారు... “ఇంతకీ మాలా, మాదిగా?”

మూడోసారి వెళ్ళలేదు. దానికంటే పెద్ద నష్టం ఏమిటంటే, ఆ తరవాత నాలుగు నెలలు అసలు ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. తప్పు నాలోనే ఉందనుకున్నాను. చదువుకుని కూడా కులం కులం అని పాకులాడుతున్నానేమో, నా మెదడే అలా తయారైందేమో అని నన్ను నేనే తిట్టుకున్నాను. రాత్రి రెండింటికి లేవడం మాత్రం తప్పలేదు.

ఆ రోజుల్లోనే ఒక అర్ధరాత్రి 14416కి ఫోన్ చేశాను. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ అది. రాత్రింబగళ్ళు పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అవతల ఎవరో చిన్నపిల్ల గొంతు. ఇరవై నిమిషాలు ఓపిగ్గా విన్నది. ఊపిరి మెల్లగా వదలడం నేర్పింది. ఆ రాత్రి అయిదింటిదాకా నిద్రపోయాను. అది వైద్యం కాదు, ఆ రాత్రి గడవడానికి చాలింది.

గురుకులం స్నేహితురాలు చెప్పిన సంగతి

గురుకులంలో నా పక్క మంచం అమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ఆమెకు చెప్పుకుంటే పకపకా నవ్వింది. “నీకు జబ్బు ఉందో లేదో తరవాత చూద్దాం, ముందు ఆయనకే వైద్యం కావాలి” అంది. తరవాత నెమ్మదిగా విషయం చెప్పింది. మనిషి ఎక్కడ పుట్టింది, ఏ కులం, ఏ రంగు, ఏ భాష, ఇంట్లో ఏ నమ్మకాలు అనేవాటిని పక్కన పెట్టెయ్యకుండా, వాటిని నిజమని ఒప్పుకుని, అక్కడినుంచే మొదలుపెట్టే కౌన్సెలింగు ఒకటుందట. ఇంగ్లీషులో కల్చరల్లీ అఫర్మింగ్ థెరపీ అంటారట.

ఇది మొదట గట్టిగా అడిగింది అమెరికాలోని నల్లజాతివాళ్ళు. 1968లో అక్కడి నల్లజాతి మనస్తత్వ నిపుణులు తమకంటూ వేరే సంఘం పెట్టుకున్నారు. 1970లో జోసెఫ్ వైట్ అనే ఆయన ‘ఎబొనీ’ పత్రికలో రాస్తూ, తెల్లవాళ్ళను చూసి తెల్లవాళ్ళు కట్టిన సిద్ధాంతాలతో నల్లవాళ్ళ మనసును కొలిస్తే అది లోపాల పుట్టలాగే కనబడుతుందని వాదించారు. అదే ఏడు చెస్టర్ పియర్స్ అనే నల్లజాతి మానసిక వైద్యుడు రోజూ తగిలే చిన్నచిన్న అవమానాలకు ‘మైక్రో అగ్రెషన్’ అని పేరు పెట్టారు. పెద్ద దెబ్బ కాదు. ఎవరికైనా చెబితే ‘ఇంతేనా’ అంటారు. కానీ రోజూ తగులుతుంది. మా స్టాఫ్ రూము బల్ల చివర డబ్బా గుర్తొచ్చింది నాకు. అమెరికాలో ఎవరో, కోదాడలో నేను!

మనదేశంలో ఈ మాట ఆలస్యంగా మొదలైంది. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణం తరవాత, కులానికీ మనసుకూ ఉన్న లంకె గురించి చదువుకున్నవాళ్ళు బయటికి మాట్లాడటం ఎక్కువైంది. బహుజనులకు వాళ్ళ బతుకు తెలిసిన కౌన్సెలర్లను వెతికిపెట్టాలని దివ్య కందుకూరి ‘ద బ్లూ డాన్’ అనే బృందాన్ని మొదలుపెట్టారు. చట్టంలో కూడా ఒక ముక్క ఉంది. 2017లో చేసిన, 2018 మే నుంచి అమలవుతున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షను, వైద్యం పొందే హక్కు అందరికీ ఉందనీ, అందులో ఆడ మగ, మతం, సంస్కృతి, కులం, వర్గం వంటి వివక్ష కూడదనీ చెబుతుంది. 23వ సెక్షను ప్రకారం మనం చెప్పుకున్నది గుట్టుగా ఉంచాలి. మన పక్క చిన్న ఊళ్ళలో ఈ రెండోది మరీ ముఖ్యం.

ఇంకో సంగతి. నిమ్‌హాన్స్ వారు 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక బాధతో ఉన్నారని తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో తెలంగాణా లేదు, ఆంధ్రప్రదేశూ లేదు. మన రంధి ఆ లెక్కలోకి కూడా ఎక్కలేదన్నమాట.

ముందు నేనే ప్రశ్నలడిగాను

స్నేహితురాలు మూడు నెంబర్లు ఇచ్చి, “డబ్బులు కట్టేముందు నువ్వే ఇంటర్వ్యూ చెయ్యి” అంది. నాకు నోరు రాలేదు. డాక్టర్లను మనం ప్రశ్నలడగడమా! అయినా కాగితంమీద రాసుకుని అడిగాను. ఏం చదివారు? నేను తెలుగులో, మా యాసలో మాట్లాడితే ఫరవాలేదా? కులం గురించి మాట్లాడొచ్చా? ఒకరు, “మా దగ్గర అందరూ సమానమేనండీ” అన్నారు. వినడానికి బాగుంది, కానీ నేనడిగింది అది కాదు. ఇంకొకరు ఫోన్ ఎత్తలేదు.

మూడో ఆవిడ కొంచెంసేపు ఆగారు. “మాట్లాడాలి కూడా. ముందే ఒకటి చెప్తాను. నేను వేరే కులంలో పుట్టాను, మీరు పడ్డవి నేను పడలేదు. నాకు తెలియనివి ఉంటాయి. పొరపాటు మాట అంటే అక్కడే ఆపి చెప్పండి” అన్నారు. మన కులం ఆవిడే అయితే బాగుండేదా అని చాలామంది అడిగారు. నిజం చెప్పాలంటే నేను భయపడ్డాను కూడా. మనవాళ్ళయితే ఎక్కడో ఒక చోట చుట్టరికం కలుస్తుంది, మాట వాడకట్టుకు చేరుతుంది. ఇంకొకరికి మనవాళ్ళయితేనే ధైర్యం రావచ్చు. ఇది ఎవరికి వారు తేల్చుకోవలసిందే.

ఎవరు ఎవరో తెలియక మోసపోయేవాళ్ళూ ఉన్నారు కనుక ఒక మాట. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీయస్ మీద మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరై ఉండాలి, ఆ నెంబరు అడగొచ్చు. కౌన్సెలరు అని ఎవరైనా బోర్డు పెట్టుకుంటున్నారు, అంచేత చదువేమిటో అడిగి తీరాలి. నేను సైకియాట్రిస్టు రాసిన మాత్రలు కూడా ఆరు నెలలు వాడాను. మాటలుంటే మాత్రలెందుకు అనేవాళ్ళనూ, మాత్రలుంటే మాటలెందుకు అనేవాళ్ళనూ నమ్మకండి.

ఆవిడ ఉండేది హైదరాబాదులో, మాట్లాడేది వీడియో ఫోనులో. మరి నేనెక్కడ కూర్చోవాలి? మా అద్దె ఇంట్లో ఇటు దగ్గితే అటు ఇంటివాళ్ళకు వినబడుతుంది. అందుకని పదిహేను రోజులకొక ఆదివారం హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కేదాన్ని. చెల్లెలింట్లో మేడమీద ఒక చిన్న గది, పక్కనే నీళ్ళ ట్యాంకు. మహాలక్ష్మి పథకం అప్పుడే 2023 డిసెంబర్ 9న మొదలైంది, బస్సు ఖర్చు లేదు. మావారు “అన్నీ జీరో టికెట్లే, నువ్వొకదానివి తక్కువయ్యావు” అని వేళాకోళం చేసేవారు. ఆయనకు మొదట్లో చెల్లెల్ని చూడ్డానికనే చెప్పాను. ‘పిచ్చి డాక్టరు’ అన్న మాట ఇంట్లో వినబడుతుందేమోనని భయం. మూడు నెలలకు చెబితే, “అదా, నేనింకేదో అనుకున్నా” అని ఊరుకున్నారు. ఆయనేమనుకున్నారో ఇప్పటికీ అడగలేదు.

మొదటిరోజు కాగితాలు లేవు, గుర్తులు లేవు. “మీ అమ్మగారు రంధి అన్నారు కదా, మీ ఇంట్లో ఆ మాటకు అర్థమేమిటి?” అన్నారు. రంధి అంటే తలలో తిరిగేది, మనాది అంటే లోపల తినేది అని చెప్పాను. నాకు ఏది ఎప్పుడు వస్తుందో అడిగారు. గంట ఎలా గడిచిందో తెలియలేదు. రెండోసారి ఆ పాత పేజీన్నర రుజువులు చదివి వినిపించాను. ఆవిడ మధ్యలో ఆపలేదు. అయిపోయాక, “ఇందులో నేను కొట్టేయవలసింది ఏమీ లేదండీ. మీ భయం అబద్ధం కాదు. కానీ అది రాత్రంతా ఏ పనీ లేకుండా మీ గుండెలమీద కూర్చుంటోంది. దానికి ఒక పని చెబుదామా?” అన్నారు.

ఆ మేడమీద గదిలో నేను బోరున ఏడ్చాను. కింద చెల్లెలు మిక్సీ ఆపేసి వింటోందని తెలిసినా ఆపుకోలేకపోయాను.

భయానికి చెప్పిన పని ఏమిటంటే, తెలుసుకోవడం. వేరువేరు మతాల, కులాల వాళ్ళు రిజిస్టరు పెళ్ళి చేసుకోవడానికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉందని నాకు తెలుసు. కానీ 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి జంటలకు రక్షణగా ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం ఉండాలనీ, తలదాచుకోవడానికి ఇళ్ళు చూపాలనీ రాష్ట్రాలను ఆదేశించిందని తెలియదు. అన్నీ కాగితంమీద రాసుకున్నాను. మావాణ్ణి కూర్చోబెట్టి, ఏడవకుండా, మానుకో అనకుండా మాట్లాడాను. “ఎవరికి చెప్పారు, ఎవరికి చెప్పలేదు, ఏదైనా జరిగితే మొదటి ఫోను ఎవరికి?” అని అడిగాను. వాడు ఆశ్చర్యపోయాడు. “అమ్మా, నువ్వు భయపడుతున్నావనుకున్నా” అన్నాడు. “భయపడే అడుగుతున్నా” అన్నాను.

2025 మార్చి 10న ప్రణయ్ కేసులో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అమ్మాయి తండ్రి 2020లోనే చనిపోయాడు. ఆ రాత్రి మళ్ళీ రెండింటికి మెలకువ వచ్చింది. ఇదివరకైతే మళ్ళీ మొదటికొచ్చానని కుంగిపోయేదాన్ని. ఈసారి మంచినీళ్ళు తాగి, చెల్లెలికి ఫోన్ చేశాను. అదీ మేలుకునే ఉంది.

అయిదోసారి చెప్పిన మాట

అన్నిటికంటే కష్టమైనది కొడుకు సంగతి కాదు. 2009లో కోదాడలో ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు మూడు గేట్ల దగ్గర “మీరేమిట్లు?” అన్నారు. నిజం చెబితే ఇల్లు ‘నిన్ననే ఇచ్చేశాం’ అయ్యింది. నాలుగో గేటు దగ్గర వేరే కులం పేరు చెప్పాను. ఇల్లు దొరికింది. ఆ ఇంట్లోనే పదిహేనేళ్ళు. మా అమ్మ వస్తే వాకిట్లో కూర్చోనిచ్చేదాన్ని కాదు, మాటల్లో మా వాడ పేరు చెప్పేస్తుందని. “లోపలికి రా అమ్మా, ఎండగా ఉంది” అనేదాన్ని. చలికాలంలో కూడా.

ఈ సంగతి మావారికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అయిదోసారి మాట్లాడేటప్పుడు ఎందుకో నోటివెంట వచ్చేసింది. ఆవిడ ‘అబద్ధమాడటం తప్పు’ అనలేదు, ‘పాపం’ అనీ అనలేదు. “ఆ రోజు మీకు ఇల్లు కావాలి, మీ బాబుకి ఆరేళ్ళు” అన్నారు. కాసేపు ఊరుకుని, “మీ అబ్బాయి ఆ అమ్మాయికి ముందే చెప్పాడా?” అని అడిగారు. చెప్పాడు. పరిచయమైన మొదటి వారంలోనే చెప్పాడట. నేను దాచింది వాడు దాచలేదు. నాకు ఊపిరాడనివ్వనిది ఇదేనా అని ఆ బస్సులో తిరిగొస్తూ హుజూర్‌నగర్ దాకా ఆలోచించాను.

ఇల్లుగలావిడకు వెంటనే చెప్పేయమని ఆవిడ ఎన్నడూ అనలేదు. చెప్పాలో వద్దో, ఎప్పుడో, మీ ఇష్టం అన్నారు. ఏడాది పట్టింది. పోయిన చలికాలంలో అమ్మ వచ్చినప్పుడు వాకిట్లో కుర్చీ వేశాను. ఇల్లుగలావిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ అక్కడే కూర్చుంది. “ఏ ఊరు పెద్దమ్మా? ఊళ్ళో ఎక్కడ?” అని అడిగింది. అమ్మ నా ముఖంలోకి చూసింది. నేను లోపలికి రమ్మనలేదు. అమ్మ ఊరు చెప్పింది, వాడ చెప్పింది, మా నాన్న మోసిన బస్తాల లెక్క కూడా చెప్పింది.

ఆవిడ చిక్కుడుకాయలు ముగించి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత కరివేపాకు అడగడానికి రావడం మానేసింది. ఖాళీ చెయ్యమని మాత్రం ఇంతవరకూ అనలేదు. మేమూ ఇల్లు వెతుకుతున్నాం, ఈసారి నిజం చెప్పే వెతుకుతున్నాం, రెండు చోట్ల ‘నిన్ననే ఇచ్చేశారు’. మావాడూ ఆ అమ్మాయీ హైదరాబాదులో ఉద్యోగాలు చూసుకున్నారు. వాళ్ళింట్లో ఇంకా తెలియదు. నేను ఇప్పటికీ మిర్యాలగూడ వెళ్తున్నాను, కాకపోతే నెలకొకసారి. అమ్మ ఫోన్ చేసి, “రంధి తగ్గిందా బిడ్డా?” అంటుంది. “కొంచెం తగ్గిందే” అంటాను. “మనాదో?” అంటుంది. అది మటుకు ఒక్కోరోజు ఉంటుంది, ఒక్కోరోజు ఉండదు.